ఎనిమిది అంటే ఎంత?

ఎనిమిది అంటే ఎంత అని అడిగితే ఒకటో తరగతి పిల్లవాడు కూడా వేళ్ళు చూపించి చెప్పేస్తాడు. కాని 2023 డిసెంబరులో లినక్స్ కెర్నెల్ రాసే మహామహులు తల పట్టుకున్నది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే! కెర్నెల్‌లో ఒకచోట పరిమితిగా రాసి పెట్టిన 8 అనే అంకెకు అర్థం ఎనిమిదా, పదహారా, లేక ఏడు వందల అరవై ఎనిమిదా? అంకె మారలేదు. దానిని రాసినవాడు దాని జోలికి పోలేదు. అయినా ఒక్క మార్పుతో దాని విలువ ఎన్నో రెట్లయి కూర్చున్నది. అదెలా జరిగింది, దానిని ఎలా సరిచేశారు అన్నదే ఈ వ్యాసం.

నేను ఈ కళాశాలలో చదువుకుని, ఇప్పుడు సర్వర్లు అనబడే పెద్ద కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసే ఉద్యోగంలో వున్నవాణ్ణి. విద్యార్థి సంఘం మిత్రులు "సావనీరుకు సైన్సు వ్యాసం కావాలె, కాని అందరికీ అర్థం కావాలె" అని షరతు పెట్టారు. జనగామ నుంచి, మహబూబాబాదు నుంచి రైల్లోనూ, భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా బస్సులోనూ వచ్చి చదువుకునే మిత్రులు దీనిని చదువుతారు. అందువల్ల వాళ్ళు రోజూ చూసే సంగతులతోనే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

కెర్నెల్ చేసే పని

కంప్యూటరులో మనకు కనిపించేవి ప్రోగ్రాములు. వాటికీ యంత్రానికీ మధ్య నిలబడి, ఎవరికి ఎంతసేపు ప్రాసెసర్ ఇవ్వాలి, ఎవరికి ఎంత మెమరీ ఇవ్వాలి, డిస్కు మీద ఎవరి సరుకు ముందు దింపాలి అని తీర్పు చెప్పేది కెర్నెల్. ఆపరేటింగ్ సిస్టంకు అదే గుండెకాయ. 1991లో ఫిన్లాండులో విద్యార్థిగా వున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ ఈనాడు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, ప్రపంచంలోని పెద్ద సర్వర్లలోనూ పనిచేస్తున్నది. దాని మూల రచన అంతా బహిరంగం. ఎవరైనా చదవవచ్చు, తప్పు కనబడితే చెప్పవచ్చు, చేతనైతే దిద్దవచ్చు.

కెర్నెల్ దగ్గరకు వచ్చే పనులన్నీ వచ్చిన క్షణంలోనే చేయదగినవి కావు. మీరు ఒక ఫైలు రాసి "సేవ్" నొక్కారనుకోండి. కెర్నెల్ ఆ సమాచారాన్ని ముందు మెమరీలో పెట్టుకుని "సరే, అయింది" అని మిమ్మల్ని పంపించేస్తుంది. దానిని డిస్కు మీదికి చేర్చడం, పాడు కాకుండా సరిచూసే మొత్తాలు లెక్కకట్టడం వంటివి వెనుక నింపాదిగా జరుగుతాయి. ఇలా తరవాత చేద్దామని పక్కన పెట్టిన పనుల వరుసకే వర్క్ క్యూ అని పేరు. వరుసలో వున్న పనులను ఒక్కొక్కటే తీసి చేసిపెట్టే కెర్నెల్ కూలీలే వర్కర్ థ్రెడ్‌లు.

దీనిని కేసముద్రం మార్కెట్ యార్డుతో పోల్చవచ్చు. యార్డులో వున్న కాంటాలు ప్రాసెసర్లు. బస్తాలు పనులు. హమాలీలు వర్కర్ థ్రెడ్‌లు. సరుకు పంపే అడ్తిదారులు కెర్నెల్‌లోని వేర్వేరు విభాగాలు: డిస్కు విభాగం, నెట్‌వర్క్ విభాగం వగైరా. ఒక కాంటా దగ్గర ఒక సమయంలో ఒక్క హమాలీయే బస్తా ఎత్తగలడు. మిగతావాళ్ళు వంతు కోసం చూడవలసిందే. ఈ పోలికను మనసులో వుంచుకుంటే తక్కిన కథ సులభం.

32 వేల నంబర్ల గొడవ

2002లో ఇంగో మోల్నార్ తదితరులు లినక్స్‌లోకి వర్క్ క్యూలను తెచ్చినప్పుడు పద్ధతి సూటిగా వుండేది. ప్రతి అడ్తిదారు ప్రతి కాంటా దగ్గరా తన సొంత హమాలీని ఒకణ్ణి కూర్చోబెట్టుకోవడం! నాలుగు కాంటాలు, పదిమంది అడ్తిదార్లు వుంటే నలభైమంది హమాలీలు. ఫరవాలేదు. కాని కాలక్రమాన ఒక్కో యంత్రంలో ప్రాసెసర్లు పెరుగుతూ పోయాయి. అటు వర్క్ క్యూలు వాడే విభాగాలూ పెరిగాయి. వంద ప్రాసెసర్లు, యాభై క్యూలు అంటే ఐదు వేలమంది హమాలీలు, అందులో ముప్పాతిక మువ్వీసం మంది గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నవాళ్ళే.

లినక్స్‌లో ప్రతి థ్రెడ్‌కూ ఒక నంబరు బిళ్ళ ఇవ్వాలి. ఆ బిళ్ళలు మామూలుగా 32,768 మాత్రమే. కొన్ని భారీ యంత్రాలలో ఎవరూ ఒక్క ప్రోగ్రామైనా నడపకముందే, యంత్రం లేచి నిలబడేసరికే, ఈ బిళ్ళలు అయిపోయే పరిస్థితి వచ్చింది. ఇంతమంది వున్నా పని సాగిందా అంటే అదీ లేదు. ఒక అడ్తిదారు హమాలీ లారీ కోసం చూస్తూ కునుకు తీస్తే, ఆ కాంటా దగ్గర ఆ అడ్తిదారు బస్తాలన్నీ ఆగిపోయేవి. పక్కవాడి హమాలీ ఖాళీగా వున్నా చెయ్యి వేయడు.

2010లో టేజున్ హియో అనే ఇంజనీరు ఈ ఏర్పాటును మొదలంటా మార్చివేశాడు. అదే సంవత్సరం అక్టోబరులో వెలువడిన 2.6.36 సంచికలో అది చేరింది. హమాలీలు ఇక ఏ అడ్తిదారుకూ సొంతం కారు, యార్డు మొత్తానికీ ఉమ్మడి. కాంటా దగ్గర పని చేస్తున్నవాడు చేస్తుండగా మరొకణ్ణి లేపరు. వాడు దేనికోసమైనా ఆగి నిద్రపోతే వెంటనే ఇంకొకణ్ణి లేపుతారు. వున్నవాళ్ళు చాలకపోతే కొత్తవాణ్ణి పిలుస్తారు. అవసరం తీరి ఖాళీగా కూర్చున్నవాళ్ళలో ఎక్కువైనవాళ్ళను ఐదు నిమిషాలు చూసి పంపించేస్తారు. ఈ ఉమ్మడి హమాలీల పేరే "కే వర్కర్". మన కళాశాల ప్రయోగశాలలోని లినక్స్ యంత్రంలో పి.ఎస్. ఆజ్ఞ ఇచ్చి చూడండి, ఈ పేరుతో డజన్ల కొద్దీ కనబడతారు.

పరిమితి ఎందుకు?

హమాలీలు ఉమ్మడి అయ్యాక కొత్త సమస్య ఒకటి వుంటుంది. ఒక అడ్తిదారు వెయ్యి బస్తాలు తెచ్చి పడేస్తే యార్డులోని హమాలీలందరూ అతని పనిలోనే మునిగిపోరా? అందుకని ప్రతి క్యూకూ ఒక హద్దు పెట్టారు. "ఈ క్యూ పనులు ఒకేసారి ఇన్నింటికి మించి నడవరాదు" అన్నదే ఆ హద్దు. కోడ్‌లో దాని పేరు మ్యాక్స్ యాక్టివ్.

పనులు మళ్ళీ రెండు రకాలు. కొన్నింటిని పుట్టిన ప్రాసెసర్ మీదే చేయాలి, వీటిని కట్టుబడి పనులు అందాం. మిగతావి ఎక్కడైనా చేయవచ్చు, అవి స్వేచ్ఛా పనులు. కట్టుబడి పనులకు హద్దు ప్రాసెసర్‌కు ఇంత అని. అందులో పేచీ లేదు. పేచీ అంతా స్వేచ్ఛా పనుల దగ్గరే. యంత్రమంతా తిరగగల పనికి "8" అని హద్దు పెడితే ఆ 8 దేనికి? యంత్రం మొత్తానికా? ప్రాసెసర్‌కా?

అసలు కిటుకు ఇక్కడే వున్నది. పెద్ద యంత్రాలలో ప్రాసెసర్లను గుంపులు చేసి, ఒక్కొక్క గుంపుకు దగ్గరగా కొంత మెమరీ అమరుస్తారు. ఒక్కో గుంపును నోడ్ అంటారు. 2013 నుంచి స్వేచ్ఛా పనుల లెక్కను నోడ్‌కు ఒక ఖాతా పుస్తకం చొప్పున రాస్తూ వచ్చారు. హద్దు కూడా ఆ పుస్తకం మొదటి పేజీలోనే వుండేది. ఒకే నోడ్ వున్న యంత్రంలో 8 అంటే 8. రెండు నోడ్‌లుంటే 16. కాగితం మీది వివరణలో మాత్రం ఈ హద్దు ప్రాసెసర్‌కు అని వుండేది. రాసేవాళ్ళలో చాలామంది అది యంత్రం మొత్తానికి అనుకునేవారు. నడిచేది నోడ్ లెక్కన. అంటే ఒకే అంకెకు మూడు అర్థాలు! పదేళ్ళపాటు ఎవరికీ పెద్దగా నొప్పి తగలలేదు కనుక ఎవరూ అడగలేదు.

జిల్లాలు విడిపోయినట్టు

2023లో వెలువడిన 6.6 సంచికలో టేజున్ హియోయే ఒక మంచి మార్పు తెచ్చాడు. నేటి ప్రాసెసర్లలో ఒకే నోడ్ లోపల కూడా రెండు మూడు వేర్వేరు కాష్‌లు వుంటాయి. కాష్ అంటే ప్రాసెసర్ చేతికి అందేంత దగ్గరలో వుండే చిన్న మెమరీ. పని ఒక కాష్ దగ్గర పుట్టి మరో కాష్ దగ్గరికి వలస పోతే కాలం వృథా. కాబట్టి పనిని వీలైనంతవరకు పుట్టిన కాష్ పరిసరాలలోనే చేయించాలన్నది ఆ మార్పు. ఇది సాధించడానికి, నోడ్‌కు ఒకటిగా వున్న ఖాతా పుస్తకాలను ప్రాసెసర్‌కు ఒకటి చొప్పున విడగొట్టవలసి వచ్చింది. పుస్తకాలు విడిపోయాయి. ప్రతి పుస్తకం మొదటి పేజీలోనూ పాత హద్దు అలాగే వున్నది!

దీనిని మన ప్రాంతంవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. ఒక ఊహ చేద్దాం. 2016కు ముందు ఒక ఉత్తర్వు వున్నదనుకుందాం: "ఏ జిల్లా నుంచీ ఒకేసారి 8 ధాన్యం లారీలకు మించి గోదాముకు పంపరాదు." ఎందుకంటే ఆ గోదాము ఒకేసారి 8 లారీలే దింపుకోగలదు. దాని దగ్గరికి వచ్చేది ఒక్క వరంగల్ జిల్లా సరుకే గనక ఉత్తర్వు చక్కగా నడిచింది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి, వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని ఐదు జిల్లాలయ్యాయి. ఉత్తర్వును ఎవరూ ముట్టుకోలేదు. మర్నాడు గోదాము గేటు ముందు ఎన్ని లారీలు? ఐదెనిమిదులు నలభై. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు జిల్లా వేరుపడ్డాక నలభై ఎనిమిది.

ఇందులో ఎవరు తప్పు చేశారు? జనగామవాళ్ళు ఎనిమిదే పంపారు. మహబూబాబాదువాళ్ళూ ఎనిమిదే. భూపాలపల్లివాళ్ళూ ఎనిమిదే. ఉత్తర్వును అక్షరాలా పాటించారు. జిల్లాలు విడదీసింది కూడా వేరే ప్రయోజనం కోసం. దోషమంతా ఒక్కచోట వున్నది. ఉత్తర్వు రాసినవాడి మనసులో వున్న హద్దు గోదాముకు సంబంధించింది, కాగితం మీద పడ్డ మాట జిల్లాకు సంబంధించింది. జిల్లా ఒక్కటే వున్నన్నాళ్ళు ఆ రెండిటికీ తేడా కనబడలేదు, అంతే.

ఫిర్యాదు వచ్చింది

2023 డిసెంబరులో నవోహిరో ఆవోటా అనే ఇంజనీరు ఈ సంగతి పట్టుకున్నాడు. ఆయన బి.టి.ఆర్.ఎఫ్.ఎస్. అనే ఫైల్ సిస్టం మీద పనిచేసేవాడు. ఆ ఫైల్ సిస్టం తన స్వేచ్ఛా క్యూలకు మామూలుగా పెట్టుకునే హద్దు 8. ఆయన దగ్గర వున్న యంత్రంలో 96 ప్రాసెసర్లు.  పాత కెర్నెల్‌లో నోడ్‌కు 8 పనులు నడిచేచోట కొత్త కెర్నెల్‌లో 96 ఎనిమిదులు, అంటే 768 దాకా నడవవచ్చు. వేగం పెరగలేదు సరికదా, తగ్గింది.

పనివాళ్ళు పెరిగితే పని తగ్గడమేమిటని అడగవచ్చు. యార్డులో ఒక ద్వారం దగ్గరికి ఎనిమిదిమంది వస్తే ఒకరి వెనుక ఒకరు పోతారు. ఏడు వందలమంది ఒక్కసారి మీద పడితే ద్వారం దగ్గర తోపులాటకే పొద్దుపోతుంది. కెర్నెల్‌లోనూ పనులు కొన్ని ఉమ్మడి తాళాలు తీసి, వేసి నడుస్తాయి. ఒకడు లోపలుంటే మిగతావాళ్ళు బయట. దానికి తోడు ఒక ప్రాసెసర్ మీద ఒకణ్ణి దింపి మరొకణ్ణి ఎక్కించిన ప్రతిసారీ కొంత కాలం ఖర్చు, కాష్‌లో పోగుచేసుకున్నది చెదరిపోవడం. హద్దు అనేది పొదుపు కోసమే కాదు, వేగం కోసం కూడా.

ఆవోటా చేసిన పరిశీలన పద్ధతి మన సైన్సు విద్యార్థులు గమనించదగింది. "నిదానమైంది" అని ఊరుకోలేదు. వర్క్ క్యూ కోడ్‌ను మార్పుకు ముందున్న స్థితికి తెచ్చి, అదే పరీక్షను మళ్ళీ నడిపి, రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టాడు. మన ప్రాక్టికల్స్‌లో చెప్పే సూత్రమే: ఒక్కటి తప్ప మిగతావన్నీ కదలకుండా వుంచి, ఆ ఒక్కటి మార్చి చూడటం. అంతటితో ఆగకుండా కెర్నెల్‌లో ఇంకా ఎవరెవరు ఇదే పొరపాటు అర్థంతో హద్దులు పెట్టుకున్నారో వెదికాడు. కొన్నిచోట్ల హద్దు "ప్రాసెసర్లు ఎన్ని వుంటే అన్ని" అని వున్నది. యంత్రం మొత్తానికైతే అది సబబైన కోరికే. కాని ప్రాసెసర్‌కు అన్ని అని లెక్కిస్తే 96 తొంభై ఆర్లు: 9,216!

మరమ్మతు

ఇప్పుడు రెండు దారులు. ఒకటి, "వివరణలో ప్రాసెసర్‌కు అనే వుంది కదా, చదవనివాళ్ళది తప్పు, మీ అంకెలు మీరు మార్చుకోండి" అనడం. రెండు, వాడేవాళ్ళు సహజంగా అనుకునే అర్థమే నిజమయ్యేటట్టు యంత్రాంగాన్ని మార్చడం. టేజున్ హియో రెండో దారి పట్టాడు. స్వేచ్ఛా పనిని ఎక్కడైనా చేయవచ్చు అన్నప్పుడు దాని హద్దు ప్రాసెసర్‌కు ఇంత అనడంలో అర్థం లేదు. అది యంత్రం మొత్తానికి వుండవలసిందే.

చెప్పినంత తేలిక కాదు చేయడం. యంత్రానికంతటికీ ఒకే లెక్క పెట్టి, పని మొదలైతే ఒకటి కలిపి, అయిపోతే ఒకటి తీసివేస్తే సరిపోదా? సరిపోతుంది, కాని 96 ప్రాసెసర్లూ క్షణక్షణం అదే అంకెను దిద్దాలి. ఒకే హాజరు రిజిస్టరులో కళాశాల మొత్తం సంతకం పెట్టాలన్నట్టు, సంతకానికే గంట పడుతుంది. పోనీ 8ని ప్రాసెసర్లకు పంచుదామా అంటే 96 మందికి 8 ఎలా పంచుతాం? తలా ఒకటి కూడా రాదు.

అందుకని మధ్యేమార్గం తీశాడు. ఖాతా పుస్తకాలు ప్రాసెసర్‌కు ఒకటిగానే వుంటాయి, కాబట్టి కాష్ లాభం పోదు. నడుస్తున్న పనుల లెక్క మాత్రం నోడ్‌కు ఒకటి. మొత్తం హద్దును ఆయా నోడ్‌లలో పనిచేస్తున్న ప్రాసెసర్ల సంఖ్యను బట్టి దామాషాలో పంచుతారు. హద్దు 64 అయి, సమానమైన రెండు నోడ్‌లుంటే చెరి 32. మన లారీల మాటల్లో చెప్పాలంటే, "గోదాముకు మొత్తం ఇన్ని" అని ముందు తేల్చుకుని, తరవాత జిల్లాల పంటను బట్టి వాటాలు వేయడం.

ఇంకొక జాగ్రత్త కూడా తీసుకున్నాడు. కొన్ని పనులు ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. మొదటి పని రెండోదాని కోసం చూస్తుంది, రెండోది మూడోదాని కోసం. హద్దు మరీ చిన్నదైతే ఎదురుచూసేవాళ్ళే జాగా అంతా ఆక్రమించి, ఎవరి కోసం చూస్తున్నారో వాళ్ళకు లోపలికి రావడానికి చోటుండదు. అప్పుడు యంత్రం అలా నిలబడిపోతుంది. దీనిని తప్పించడానికి ప్రతి నోడ్‌కు కనీస వాటా ఒకటి పెట్టాడు. మామూలుగా అది 8, అసలు హద్దే అంతకన్నా తక్కువైతే ఆ హద్దు. దీనివల్ల నోడ్‌లు ఎక్కువగా వుండి హద్దు చిన్నదైనప్పుడు మొత్తం కొంచెం మించవచ్చు. రెండు నోడ్‌ల యంత్రంలో 8 అంటే 16 కావచ్చు. తెలిసి ఒప్పుకున్న రాజీ అది. యంత్రం ఆగిపోవడం కన్నా హద్దు కాస్త దాటడం మేలు కదా!

ఇక హద్దు నిండిపోయినప్పుడు బయట ఆగిన పనుల సంగతి. ఒక పని పూర్తి కాగానే, నోడ్‌లో ఎదురుచూస్తున్న ప్రాసెసర్ల పుస్తకాల నుంచి వంతులవారీగా ఒక్కొక్కదాన్ని లోపలికి పిలుస్తారు. బలమున్నవాడు ముందు దూరే పద్ధతి కాదు.

ఈ దిద్దుబాటు 2024 జనవరిలో రూపుదిద్దుకుని, 2024 మే 12న వెలువడిన 6.9 సంచికలో చేరింది. దానితోపాటు వివరణ కూడా దిద్దారు. కట్టుబడి క్యూలకు హద్దు ఒక్కొక్క ప్రాసెసర్‌కు, స్వేచ్ఛా క్యూలకు యంత్రం మొత్తానికి అని ఉదాహరణలతో సహా ఇప్పుడు స్పష్టంగా రాసి వున్నది. నా దృష్టిలో కోడ్ దిద్దడం ఎంత ముఖ్యమో ఈ రెండు వాక్యాలు దిద్దడమూ అంత ముఖ్యం.

మనం నేర్చుకోవలసింది

మా ఉద్యోగాలలో యంత్రం మందగించిందని కబురు రాగానే సాధారణంగా వినబడే సలహా "థ్రెడ్‌లు పెంచండి" అని. నేను ముందుగా అడిగే ప్రశ్న వేరు: "ఇప్పుడున్న అంకె దేనికి?" ప్రాసెసర్‌కా, ప్రోగ్రాముకా, యంత్రానికా, మొత్తం యంత్రాల గుంపుకా? చాలాసార్లు సమాధానం చెప్పడానికి నలుగురం కూర్చోవలసి వస్తుంది. నాలుగు నోళ్ళు, నాలుగు అర్థాలు. ఆ మాట తేలాకనే మరమ్మతు మొదలవుతుంది.

భౌతికశాస్త్రం లెక్కలో ప్రమాణం రాయకపోతే మన లెక్చరర్లు మార్కులు కోసేవారు. "ఐదు అంటే ఏమిటయ్యా, ఐదు మీటర్లా, ఐదు మైళ్ళా?" అని నిలదీసేవారు. అప్పుడది చాదస్తంలా అనిపించేది. ప్రపంచమంతా వాడే కెర్నెల్‌లో పదేళ్ళు నిద్రపోయి లేచిన దోషం సరిగ్గా అదే. అంకె వున్నది, ప్రమాణం లేదు. ప్రోగ్రాములోనే కాదు, హాస్టలు మెస్సు లెక్కలోనైనా, ప్రభుత్వ ఉత్తర్వులోనైనా, సంఘం నియమావళిలోనైనా "ఇంతకు మించరాదు" అని రాసేటప్పుడు దేనికి ఇంత అన్నది పక్కనే రాయాలి. ఈనాడు ఒక్కటిగా వున్నది రేపు ఐదు కావచ్చు. అప్పుడు మన మాటకు అర్థం చెప్పడానికి మనం అక్కడ వుండం, మనం రాసిందే వుంటుంది.

విద్యార్థి మిత్రులకు ఇంకొక్క మాట. ఈ కథలోని కోడ్, ఫిర్యాదు, చర్చ, దిద్దుబాటు అన్నీ బహిరంగంగా వున్నాయి. కెర్నెల్ మూలంలో వర్క్ క్యూ ఫైలు తెరిచి చూడండి. మొదట్లో అర్థం కాదు. కాని దానిమీద రాసిన వ్యాఖ్యలు తీరికగా చదివితే ఒక మంచి పాఠ్యపుస్తకానికి తీసిపోవు. ప్రయోగశాల యంత్రంలో కే వర్కర్ పేర్లు చూసి, గీత తరవాత "యు" అక్షరం వున్నవి స్వేచ్ఛా పనులవాళ్ళని గుర్తుపట్టండి. ఒక పెద్ద ఫైలు కాపీ చేస్తూ వాళ్ళ సంఖ్య ఎలా పెరిగి తగ్గుతుందో కొలిచి రాసుకోండి. దీనికి పెద్ద నగరం అక్కరలేదు, పెద్ద కంపెనీ అక్కరలేదు. పాలకుర్తిలోనో, మరిపెడలోనో, చెల్పూరులోనో ఇంటి దగ్గరున్న పాత కంప్యూటరు చాలు. ఏదైనా అంకె కనబడినప్పుడు "ఇది దేనికి?" అని అడిగే అలవాటు మాత్రం వుండాలి.